పూర్వీకుల ఊరు వెతికిపెట్టే పని: వృత్తిగా పెట్టుకోవచ్చా? ఎంత తీసుకోవాలి, ఏం రాసివ్వాలి?

ప్రశ్న: బరంపురం కుర్రాడు

అందరికీ నమస్కారం. ఒడిశాలో బరంపురం, పర్లాఖిమిడి, గుణుపురం వైపు తెలుగువాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా అని అడుగుతున్నాను.

మా నాన్న దస్తావేజు లేఖరి. ఆయన పక్కన కూర్చుని చిన్నప్పటినుంచి పాత తెలుగు కాగితాలు చదవడం అలవాటైంది. గొలుసుకట్టు రాత చాలావరకు పోల్చుకోగలను. చదువు ఒడియా బళ్లో కాబట్టి ఖతియాన్ (ఒడిశా భూమి హక్కుల కాగితం) చదవడానికీ ఇబ్బంది లేదు. ప్రస్తుతానికి జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుకుంటున్నాను.

ఆమధ్య డర్బన్ నుంచి ఒకాయన ఎవరి ద్వారానో నా నంబరు పట్టుకున్నారు. ఇంటిపేరు అప్పలసామి. వాళ్ల ముత్తాత 1890ల చివర్లో దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరుకు తోటలకు కూలిగా వెళ్లాడట. ఓడ జాబితా నకలు పంపారు. అందులో కలోనియల్ నంబరు (కూలీకి అక్కడ ఇచ్చిన నంబరు), పేరు, తండ్రి పేరు రాముడు, వయసు 22, కులం, ఎత్తు, ఎడమ చేతి మీద మచ్చ, ఇవన్నీ ఉన్నాయి. జిల్లా గంజాం, తాలూకా చికాకోల్. అంటే మన శ్రీకాకుళమే, అప్పట్లో అది గంజాం జిల్లాలో ఉండేది. ఊరి పేరు మాత్రం ఇంగ్లీషులో ఎలా వినపడితే అలా రాసుకున్నట్టుంది, ఒకటి కంటే ఎక్కువ ఊళ్లకు సరిపోతోంది.

ఆ ఊళ్లకు వెళ్లాను. ఒకచోట ఎనభై ఏళ్ల పెద్దాయన దొరికారు. ఆయన ముత్తాత పేరు రాముడు. కులం కూడా కలిసింది. వాళ్ల తాత అన్నదమ్ముల్లో ఒకడు ఓడెక్కి పోయి మళ్లీ రాలేదని ఇంట్లో చెప్పుకునేవారట. ఎక్కడికి తాతా అంటే, "ఇంకెక్కడికి, రంగమే" అన్నారు. రంగం అంటే రంగూన్, బర్మా. నేటాల్ పేరు ఆయన ఎప్పుడూ వినలేదు.

ఈ మాట డర్బన్ ఆయనకు చెప్పగానే ఫోన్‌లోనే ఏడ్చేశారు. టికెట్లు కూడా కొనేశారు. "ఇదే మా కుటుంబం అని ఒక కాగితం మీద రాసి, స్టాంపు వేసి ఇవ్వండి, ఫ్రేమ్ కట్టించుకుంటాను" అంటున్నారు. ఎంత కావాలన్నా ఇస్తారట. నాకేమో టెన్షన్‌గా ఉంది. కాదని చెప్పలేను, అవునని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఈ పని నాకు నచ్చింది. షాపు తగ్గించి ఇందులోకి పూర్తిగా దిగాలనుంది. ఫీజు ఎలా లెక్కకట్టాలి? ఇలా సగం సగం తేలినప్పుడు ఏం రాసివ్వాలి? దీనికి లైసెన్సో సర్టిఫికెట్టో ఏమైనా కావాలా? ఈ దారిలో ఉన్నవాళ్లు చెప్పండి.


జవాబు: పర్లాఖిమిడి అక్క

తమ్ముడూ, మొదట ఆ స్టాంపు కాగితం సంగతి. ఇవ్వకు. ఇవాళ ఫ్రేమ్ కట్టించుకుంటారు, రేపు ఆయన మనవడు దాన్ని పట్టుకుని ఇంకో పది పేర్లు తగిలించి ఇంటర్నెట్‌లో పెడతాడు. ఆ తర్వాత ఎవరు వెతికినా నీ కాగితమే ఆధారం అయి కూర్చుంటుంది. నేను లైబ్రరీ ఉద్యోగం మానేసి ఈ పనిలోకి వచ్చాను. నా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం ఇలా ఎవరో ముచ్చటపడి రాసిచ్చిన వంశవృక్షాన్ని విప్పుకుంటూ వెనక్కి వెళ్లేవే.

నీ దగ్గర ఉన్నది తక్కువేమీ కాదు. 1890ల చివర్లో 22 ఏళ్లంటే పుట్టుక 1870ల మధ్యలో. ఎనభై ఏళ్ల పెద్దాయనకు తాత తరం ఇంచుమించు అక్కడికే వస్తుంది. జాబితాలో తండ్రి రాముడు, పెద్దాయన ముత్తాత రాముడు. కాలం కుదిరింది, కులం కుదిరింది, ఓడెక్కిన మనిషి ఉన్నాడు. కానీ ఆ కాలంలో మన వైపు ఏ ఊళ్లో చూసినా రాముళ్లు, అప్పన్నలు, సన్యాసులు, ఎర్రయ్యలు వీధికి నలుగురు. ఒక్క తండ్రి పేరు కలిస్తే ఏమీ తేలదు. అప్పలసామి అన్న ఇంటిపేరూ నీకు సాయం చెయ్యదు. నేటాల్ జాబితాల్లో మన ఇంటిపేర్లు రాయలేదు. ఓడ దిగినవాడి సొంత పేరే పిల్లలకు ఇంటిపేరైపోయింది. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్నవాళ్లు ఇక్కడ ఎంతమందో, అక్కడ అప్పలసామి కుటుంబాలూ అన్ని.

ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. అదే ఓడలో అదే ఊరు, అదే తాలూకా రాసుకున్నవాళ్లు ఇంకెవరున్నారో చూడు. ఒంటరిగా వెళ్లినవాళ్లు ఉంటారు గానీ, కూలీల్ని పోగుచేసేవాడు ఒక ఊళ్లో దిగితే నలుగురైదుగుర్ని పట్టుకుపోయేవాడు. వాళ్ల పేర్లు కూడా నీ పెద్దాయన ఊళ్లో ఎవరికైనా తగిలితే అప్పుడు ఊరు తేలిందనుకోవచ్చు. ఊరు తేలాకే ఇల్లు. రెండోది, డర్బన్ ఆయన్ని అక్కడి కాగితాలు తీయించమను. కూలీల పెళ్లిళ్లు నేటాల్‌లో ఇమ్మిగ్రెంట్ల ప్రొటెక్టర్ (వలస కూలీల వ్యవహారాలు చూసే అధికారి) దగ్గర రిజిస్టరయ్యేవి. పెళ్లి కాగితం, మరణ కాగితం, ఆస్తి ఫైలు, వీటిల్లో ఎక్కడైనా తల్లి పేరో, తమ్ముడి పేరో ఉంటే ఆ ఒక్క పేరు నీ తిరుగుడంతటికంటే విలువైంది. పరిశోధన సగం అక్కడే ఉంది, ఆయన దాన్ని వదిలేసి నీ మీద పడ్డారు. చాలామంది అంతే.

రంగం మాట దాచకు. రిపోర్టులో అలాగే, ఆయన అన్న మాటల్లోనే రాయి. మన ఇళ్లలో ఓడెక్కిన ప్రతివాడూ రంగమే వెళ్లాడంటారు, నిజమే. గోపాలపురం నుంచి, బారువ, కళింగపట్నం నుంచి అంతమంది వెళ్లారు మరి. అలా అనుకుంటే పెద్దాయన మాట నీ కేసుకి అడ్డు కాదు. కానీ అతను నిజంగానే రంగం వెళ్లి ఉంటే? 1937 దాకా బర్మా ఇండియాలో భాగమే కాబట్టి నేటాల్‌కి, మారిషస్‌కి ఉన్నట్టు మనిషికో పాసు ఉండేది కాదు. డెక్కు టికెట్టు కొనుక్కుని, మేస్త్రీ వెనకాల వెళ్లిపోవడమే. అలా పోయినవాణ్ణి కాగితంలో పట్టుకోవడం చాలా కష్టం. అందుకే రెండు అవకాశాలూ రాయాలి, నీకు ఏది ఎక్కువ నమ్మకంగా ఉందో, ఎందుకో రాయాలి.

నేను రాసే పద్ధతి చెప్తాను. ప్రతి వాక్యం కింద అది ఎక్కడినుంచి వచ్చిందో ఉంటుంది: ఏ ఆఫీసు, ఏ పుస్తకం, ఎన్నో పేజీ, లేకపోతే ఏ తేదీన ఎవరు చెప్పారు. కాగితంలో చూసింది వేరు, మనిషి చెప్పింది వేరు, నేను ఊహించింది వేరు. మూడూ కలిపి ఒకే పేరాలో రాయను. వెతికినా దొరకని చోట్లు కూడా రాస్తాను. డబ్బిచ్చినవాళ్లకి అది మొదట్లో నచ్చదు. పర్వాలేదు, ఇంకొకరు మళ్లీ అదే పుస్తకం తిరగెయ్యకుండా పనికొస్తుంది.

ఫీజు గంటల లెక్కన పెట్టుకో. ఇన్ని గంటలు వెతుకుతాను అని ముందే ఒప్పుకుని, ఆ డబ్బు ముందే తీసుకో. అవి అయిపోయాక దొరికినంతవరకు రిపోర్టు ఇచ్చి, ముందుకు వెళ్లాలా వద్దా అని అడుగు. బస్సు చార్జీలు, నకళ్ల ఫీజులు వేరే. దొరికితే ఇంత, దొరక్కపోతే ఇంత అని మాత్రం ఎప్పుడూ మాట్లాడుకోకు. అలా మాట్లాడుకున్నాక ప్రతి రాముడూ వాళ్ల రాముడిలాగే కనిపిస్తాడు. ఎంత కావాలన్నా ఇస్తానన్న మాట కూడా నాకైతే భయమే.

లైసెన్సు మన దేశంలో ఏమీ లేదు. అమెరికాలో 1964 నుంచి, ఇంగ్లండులో 1968 నుంచి ఈ వృత్తివాళ్లకి సంస్థలున్నాయి. నీ పాత రిపోర్టులు పరీక్షించి గుర్తింపు ఇస్తారు. అవసరం లేదు గానీ వాళ్లు పెట్టుకున్న ప్రమాణాలు చదువు. బయటి దేశాల క్లయింట్లు ఆ మాదిరి రిపోర్టే ఆశిస్తారు.

ఇంకో మాట, ఇది పుస్తకాల్లో ఉండదు. ఊళ్లోకి కొత్త మనిషి వచ్చి మీ ముత్తాత పేరేంటి, అన్నదమ్ములెంతమంది అని అడిగితే జనం మనసులో మొదట వచ్చేది పొలం. గుణుపురం దగ్గర ఒక ఊళ్లో అరుగు మీద చేటలో చింతపండు పిక్కలు తీస్తున్న ముసలమ్మ నా ప్రశ్నలన్నీ ఓపిగ్గా విని, చివర్న "ఏ సర్వే నంబరు కోసం వచ్చేవమ్మా?" అంది. తప్పులేదు ఆవిడది. రాయగడ, కోరాపుట్ వైపు మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. 1956 రెగ్యులేషన్ వల్ల అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరు మీదికి మార్చడానికి లేదు. ఆ లొసుగులు వెతుక్కుంటూ తిరిగేవాళ్లని వాళ్లు చాలామందిని చూశారు. అందుకే నేను భూమి తగాదా ఉన్న కేసు ముట్టుకోను. వారసుల సర్టిఫికెట్టు కావాలంటే తహసీల్దారు ఉన్నాడు, కోర్టు ఉంది. ఎవరింటికి వెళ్లినా మొదట ఎవరు పంపారో, ఎందుకు పంపారో చెప్తాను, రాసుకున్నది వాళ్లకి చదివి వినిపిస్తాను. నువ్వు కూడా ఆ పెద్దాయనతో, డర్బన్ నుంచి మనిషి వస్తున్నాడు, మీ వాడే అయ్యుండొచ్చు, కాకపోవచ్చు అని ముందే చెప్పు. రావద్దంటే రావద్దనే అర్థం.


జవాబు: ఛత్రపురం వాసి

అక్క చెప్పింది బాగుంది గానీ తమ్ముడూ, షాపు మాత్రం మూసెయ్యకు. మన ఊళ్లలో దీనికి డబ్బులిచ్చేవాళ్లు లేరు. తాత పేరున్న పాత ఖతియాన్ కావాలని వస్తారు, అదీ కుల ధ్రువపత్రానికి అడిగితేనే. దొరికాక టీ తాగించి వెళ్లిపోతారు. పైగా బంధువుల పెళ్లిళ్లలో నీకు కొత్త డ్యూటీ పడుతుంది, అందరి ప్రవరలూ నిన్నే అడుగుతారు.


జవాబు: రాయగడ రిటైర్డ్ గుమాస్తా

బాబూ, నేను రిజిస్ట్రేషన్ పనిలో చేసి రిటైరయ్యాను. వంశాల సంగతి నాకు తెలీదు. పుస్తకాల సంగతి చెప్తాను.

మొదట జిల్లా పేర్లు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మనమంతా మద్రాసు రాజధానిలో ఉన్నాం. బరంపురం, పర్లాఖిమిడి గంజాంలో. గుణుపురం, రాయగడ, జయపురం విశాఖపట్నం జిల్లాలో. పర్లాఖిమిడి, గుణుపురం ఒకే రైలు లైను మీద ఉన్నా పాత కాగితాల్లో జిల్లాలు వేరు. 36లో పర్లాఖిమిడి ఎస్టేటు కూడా రెండు ముక్కలై కొంత మద్రాసులోనే ఉండిపోయింది. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది. మా రాయగడ జిల్లా, మీ అక్కగారి గజపతి జిల్లా 1992లో వచ్చాయి. కాబట్టి ఏ కాగితం తీసినా మొదట సంవత్సరం చూడు, తర్వాత జిల్లా పేరు చూడు. కలకత్తా నుంచి ఎక్కిన జాబితాల్లో బెర్హంపూర్ అని కనపడితే ఆగు, బెంగాల్లో ముర్షిదాబాదు పక్కన ఇంకొకటి ఉంది.

మద్రాసు కాలం ప్రభుత్వ కాగితాలకి చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్, ఈవైపు వాటికి భువనేశ్వర్‌లో రాష్ట్ర ఆర్కైవ్స్. రెండు చోట్లా అడగాలి. ఇనాం భూములున్న కుటుంబమైతే ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు అడుగు. 1858లో వేసిన ఇనాం కమిషన్ వాళ్లవి. మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడెవరు అనుభవిస్తున్నారు, వాళ్ల వయసెంత అని రాసుకున్నారు. పూజారులకీ, గ్రామ నౌకర్లకీ అంతకంటే మంచి కాగితం దొరకదు. కూలి చేసుకున్నవాడికి భూమి లేదు కాబట్టి మీ డర్బన్ కేసుకి ఇది పనికిరాదు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నీకు తెలిసిందే అయినా చెప్తాను, మిగతావాళ్లు కూడా చదువుతున్నారు కదా. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఒకటో పుస్తకం స్థిరాస్తులది. దాని పేర్ల ఇండెక్సు, ఆస్తుల ఇండెక్సు ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు. మూడో పుస్తకం వీలునామాలది. రాసిన మనిషి బతికుండగా బయటివాళ్లకి నకలు ఇవ్వరు, పోయాక ఎవరడిగినా ఇవ్వాలి. చాలామంది ఈ రెండో ముక్క తెలీక వీలునామాలు అడగరు. వంశం వెతికేవాడికి వీలునామాని మించింది ఉందా? చిన్న భార్య పిల్లలు, దత్తపుత్రుడు, ఇల్లరికపుటల్లుడు అందరూ అందులో ఉంటారు. నాలుగో పుస్తకం స్థిరాస్తితో సంబంధం లేని మిగతా దస్తావేజులది. అది మాత్రం రాసినవాళ్లకి, దాని కింద హక్కున్నవాళ్లకే.

ఎవరి చేతిలోనూ యాభై వంద పెట్టి లోపలికి దూరకు. దరఖాస్తు పెట్టి సర్టిఫైడ్ నకలు తీసుకో. అక్కగారు చెప్పిన ఆ రిపోర్టులో నంబరు రాసుకోవాలంటే రసీదు ఉండాలి కదా.


జవాబు: బరంపురం కుర్రాడు

అక్కా, గుమాస్తాగారూ, చాలా థాంక్స్. ఛత్రపురం అన్నా, షాపు మూయను, మా ఇంట్లోవాళ్లు కూడా నీ మాటే అన్నారు.

డర్బన్ ఆయనకు నిన్న రాత్రి రాశాను. స్టాంపు కాగితం ఇవ్వలేనని, ఓడలో మిగతా ఊరివాళ్ల పేర్లు, పెళ్లి కాగితం కావాలని అడిగాను. మొదట కాస్త చిన్నబుచ్చుకున్నారు. తర్వాత, మరి డీఎన్ఏ పరీక్ష చేయిద్దాం, ఒక కిట్ పంపుతాను, పెద్దాయన చేత ఉమ్మి వేయించండి అంటున్నారు. దాంతో తేలిపోతుందా? ఇంకో సందేహం. మా వీధిలో కొన్ని తెలుగు కుటుంబాలు ఖతియాన్‌లో పాత్రో, సాహు అని ఉన్నాయి. ఇంట్లో మాత్రం తెలుగు ఇంటిపేరు, గోత్రం చెప్తారు. అలాంటివాళ్లది ఎలా పట్టుకోవాలి?


జవాబు: పర్లాఖిమిడి అక్క

డీఎన్ఏ పనికొస్తుంది గానీ మన దగ్గర జాగ్రత్త. మేనరికాలు తరతరాలుగా చేసుకున్న కుటుంబాల్లో రక్తం అటు తిరిగి ఇటు తిరిగి మళ్లీ అక్కడికే వస్తుంది. కంపెనీ వాళ్ల లెక్క ఆ సంగతి ఎరగదు. నాలుగో తరం బంధుత్వాన్ని రెండో తరం అని చూపించగలదు. ఒకే ఊరి, ఒకే కులం వాళ్లందరూ కొద్దో గొప్పో కలుస్తారు. అసలేమీ కలవకపోతే అదో సమాచారం. కలిస్తే మాత్రం, అదే ఊళ్లో వేరే ఇంటివాళ్లది కూడా పోల్చకుండా ఇదే ఇల్లు అని రాయకు. ముఖ్యంగా ఆ పెద్దాయనకి ఆ ఉమ్మి ఎక్కడికి పోతుందో, అందులో ఏమేం బయటపడొచ్చో అర్థమయ్యేలా చెప్పాలి. ఆయన కొడుకుల్ని కూడా కూర్చోబెట్టి చెప్పు. ఎనభై ఏళ్ల మనిషి నీ మీద గౌరవంతో ఊ అంటాడు, అది ఒప్పుకోలు కింద లెక్క కాదు.

పాత్రో, సాహు సంగతి. ఖతియాన్ ఒక్కటే పట్టుకుంటే ఒడియా కుటుంబమా, తెలుగు కుటుంబమా తెలీదు. శుభలేఖలు అడుగు, పాతవి ట్రంకు పెట్టెల్లో ఉంటాయి. పెళ్లిలో ప్రవర చదివేటప్పుడు ముత్తాత, తాత, తండ్రి పేర్లు గోత్రంతో సహా చెప్తారు కాబట్టి పురోహితుడి దగ్గర ఆ చిట్టా ఉంటుంది. తద్దినాలు పెట్టించే ఇల్లయితే మూడు తరాలు ఏటా చెప్పుకుంటూనే ఉంటారు. గయకో కాశీకో వెళ్లొచ్చిన కుటుంబమైతే ఏ పండా (అక్కడి పురోహితుడు) దగ్గర దిగారో అడుగు, వాళ్ల పుస్తకాల్లో ఊరి పేరు కింద వచ్చినవాళ్లు సంతకాలు చేసి ఉంటారు. నేత కుటుంబాలైతే దేశిబెహెరా వీధిలో కూర్చో. రెండేళ్లకోసారి బరంపురం అమ్మవారు బుఢి ఠాకురాణి పుట్టింటికి వచ్చేది అక్కడికే కదా, ఏ ఇంటి వాళ్లకి ఏ మర్యాద, ఎప్పటినుంచి అన్నది పెద్దలకి నోటికి వస్తుంది. బడి అడ్మిషన్ రిజిస్టర్లు కూడా మర్చిపోకు. తెలుగు మీడియం బళ్లలో తండ్రి పేరు పూర్తిగా రాసేవారు, పాత్రోలు, సాహులు అందులో ఇంటిపేర్లతో దొరికారు నాకు.

మారిషస్ కేసులు కూడా నీకు వస్తాయి, సిద్ధంగా ఉండు. 2024 మార్చిలో రాష్ట్రపతి ముర్ముగారు అక్కడికి వెళ్లినప్పుడు ఏడో తరం దాకా ఓసీఐ కార్డుకి (విదేశాల్లోని భారత సంతతికి ఇచ్చే కార్డు) ప్రత్యేక ఏర్పాటు ప్రకటించారు. ఆ తర్వాత నాకు ఉత్తరాలు పెరిగాయి. వాళ్లకి కావలసిన వలస కాగితం మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఉంటుంది, ఇక్కడ కాదు. అది చేతిలో లేకుండా వచ్చినవాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకోకు, మొదట అది తెప్పించుకోమను.

డర్బన్ ఆయన ఓడ జాబితా మిగతా పేజీలు పంపితే ఊరి పేరున్న కాలమ్ వరకు నాకు ఫొటో పెట్టు. ఆ ఇంగ్లీషు స్పెల్లింగులు నేను చాలా చూశాను, నీకు తగిలిన ఊళ్లలో ఏదో తేల్చడానికి ప్రయత్నిద్దాం. ఆయన పేరు, నంబరు చెరిపేసి పెట్టు.